ఆరో నంబరు మెషీను

నన్ను అందరూ మాస్టారూ అంటారు. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి అలా పిలవడం ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, నాకు తప్ప. ఇంటర్ ప్యాసై, గుమస్తా ఉద్యోగాల పరీక్షల్లో పడి, కిందా మీదా పడి టైపింగు దాకా వచ్చినవాళ్ళు నా గదిలో వేళ్ళు అరగదీసుకుంటారు. నేను ముందు బల్ల దగ్గర కూర్చుని గడియారం చూస్తాను. పది నిమిషాలు కాగానే "ఆపండి" అంటాను. నా చదువుకి ఆ ఒక్క మాట సరిపోయింది.

గది పెద్దదేం కాదు. మెట్ల కింద నుంచి తల వంచి లోపలికి రావాలి. గోడ వెంట ఆరు కంప్యూటర్లు, ఏదో ఆఫీసువాళ్ళు పాతబడ్డాయని వదిలించుకుంటే తెచ్చుకున్నవి. వాటిని మెషీన్లనే అంటాం. వెనకటి టైపు మిషన్ల రోజుల మాట అలాగే నిలిచిపోయింది. ఒకటో నంబరు కిటికీ పక్కన ఉంటుంది, ఫ్యాను గాలంతా దానికే. ఆరోది మూల, నీళ్ళ డబ్బా పక్కన. ఆరోదాని కీబోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. స్పేస్ బార్, అదే, మాటకీ మాటకీ మధ్య బొటనవేలితో నొక్కే పొడుగాటి మీట, ఒక పక్క పట్టు తప్పి ఉండేది. ఒక దెబ్బకు ఒరిగేది తప్ప దిగేది కాదు. ఫీజు కట్టినవాణ్ణి దాని ముందు కూర్చోబెడితే మర్నాడే పక్క సందులో ఇంకో ఇన్‌స్టిట్యూట్ వెతుక్కుంటాడు. అందుకని దాన్ని మా అమ్మాయికి ఇచ్చాను.

ఇచ్చాను అని రాస్తున్నాను గానీ, "అక్కడ కూర్చోమ్మా" అన్నానంతే. రెండేళ్ళు కూర్చుంది.

మొదట్లో ఒకసారి అడిగింది కూడా. "నాన్నా, ఇది సరిగ్గా పలకట్లేదు, మార్చవూ?"

"మారుస్తాలే, ఈ బ్యాచ్ అయిపోనీ" అన్నాను. బ్యాచ్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మళ్ళీ అడగలేదు. నేనూ మళ్ళీ తలుచుకోలేదు.

ఇంటర్ అయిన దగ్గర్నుంచి పరీక్షలు రాస్తూనే ఉంది పిల్ల. రైలు వంతెన దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుంది, ఇద్దరు మనుషులు కలిసి గోడ కడితే ఎన్ని రోజులు, ఇవే లెక్కలు ఎనిమిదేళ్ళ నుంచి. ఆ రైళ్ళన్నీ వంతెనలు దాటాయి, గోడలన్నీ లేచాయి, మా పిల్ల మాత్రం ఆ పుస్తకాల ముందే ఉంది. మొదటిసారి పదకొండు మార్కులతో పోయింది. రెండోసారి నాలుగు. మూడోసారి ప్రశ్నపత్రం బయటికి పొక్కిందని పరీక్షే రద్దు చేశారు. ఆ రోజు అది ఏడవలేదు. పుస్తకాలు సర్ది, తలనొప్పిగా ఉందని పడుకుంది. ఇరవయ్యారేళ్ళు వచ్చాయి. ఇరవయ్యేడు దాటితే దరఖాస్తు పెట్టనివ్వరు.

నాలుగోసారి రాత పరీక్షలో నెగ్గింది.

ఆ రోజు గదిలో అందరికంటే ఎక్కువ సంబరపడింది సీనియర్. ఒకటో నంబరు అతనిదే. ఏడుసార్లు రాసి, మూడుసార్లు టైపింగు దాకా వెళ్ళి తిరిగొచ్చినవాడు కాబట్టి ఆ పేరు. వయసు సడలింపు ఉంది కనక ఇంకా వదల్లేదు.

"మాస్టారూ, చెల్లాయి ఆఫీసరైపోతే మనల్ని గుర్తుపడుతుందంటారా?"

"ఆఫీసరు కాదన్నయ్యా, గుమస్తా" అంది మా అమ్మాయి.

"గుమస్తా అంటే తక్కువా? ఫైలు కదలాలంటే ఆఫీసరు సంతకం సరిపోదు, గుమస్తా చెయ్యి కదలాలి. నా పెళ్ళి సంబంధాలవాళ్ళనడుగు, వాళ్ళే చెబుతారు. మొన్నొకాయన, 'అబ్బాయేం చేస్తాడు' అన్నాడు. 'ప్రిపేరవుతున్నాడు' అన్నాడు మా నాన్న. 'ఎప్పట్నుంచి' అన్నాడాయన. మా నాన్న టీ చల్లారిపోతోందన్నాడు."

అందరూ నవ్వారు. నేను "టైమవుతోంది, కొట్టండి" అన్నాను.

ఇక మిగిలింది టైపింగు ఒక్కటే. పది నిమిషాలు, నిమిషానికి ముప్ఫైఅయిదు మాటలు, నూటికి అయిదు తప్పులు మించకూడదు. మా అమ్మాయి ఆరో నంబరు మీద నలభై కొడుతుంది, తప్పులు ఒకటో రెండో. ఆ లెక్కన ఉద్యోగం చేతిలో ఉన్నట్టే. మా ఇంటావిడ అప్పుడే పిల్ల ఆఫీసుకు కట్టుకెళ్ళడానికి చీరలు తీసి ఎండలో వేసింది.

హాల్ టికెట్ వచ్చింది. దాని వెనక చిన్న అక్షరాల్లో ఇరవై షరతులు. పదిహేడోది మా అమ్మాయి గట్టిగా చదివింది: అభ్యర్థులు కావాలనుకుంటే తమ సొంత కీబోర్డు తెచ్చుకోవచ్చు.

"నేను ఆరో నంబరుది తీసుకెళ్తాను" అంది.

"దాన్నా?" అన్నాను. "నీకేమైనా మతిపోయిందా? ఒకటో నంబరుది తీసుకుపో. సీనియర్‌ని నేను సర్దుకోమంటాను."

"వద్దు నాన్నా. నా చేతికి అదే అలవాటు."

"అక్కడ అందరూ చూస్తారే."

"చూడనీ. చూసి మార్కులేస్తారా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కీబోర్డు ఎలా ఉందో నాకు తెలుసు. సందుల్లో దుమ్ము, చెరిగిన అక్షరాలు, తీగకి నల్ల టేపు. ఎవరో ఒకరు అడుగుతారు, ఇదెక్కడిదమ్మా అని. మా నాన్న ఇన్‌స్టిట్యూట్‌లోదండీ అంటుంది. టైపింగు నేర్పేవాడు సొంత కూతురికి ఇచ్చింది ఇదా అనుకుంటారు. అనుకోరా? నేనైతే అనుకుంటాను.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం ఆమె ఫొటోలు తీయించుకోవడానికి వెళ్ళింది. గదిలో ఎవరూ లేరు. కీబోర్డు విప్పాను. మీటలన్నీ ఊడదీసి సబ్బు నీళ్ళలో కడిగి, తుడిచి ఆరబెట్టాను. స్పేస్ బార్ కింద ఒక సన్నటి కమ్మీ ఉంటుంది, దాని ఒక కొస కొక్కెంలోంచి జారిపోయింది. కింద రబ్బరు బుడిపె చిరిగింది. మూల పడేసిన ఇంకో కీబోర్డులోంచి బుడిపె తీసి ఇందులో పెట్టాను. కమ్మీని కొక్కెంలో దూర్చాను. కళ్ళజోడు లేకుండా, సూదితో, గంటన్నర పట్టింది. చెరిగిన అక్షరాల మీద తెల్ల పెన్నుతో మళ్ళీ దిద్దాను. తీగకి కొత్త టేపు చుట్టాను.

రెండు వరుసలు కొట్టి చూశాను. ఎక్కడ తాకినా మెత్తగా, ఒక్క దెబ్బకే దిగుతోంది. రెండేళ్ళకి సరిపడా పని ఒక్క పూటలో చేశాననిపించింది. తువ్వాలులో చుట్టి ఆమె సంచిలో పెట్టేశాను. చెప్పలేదు. మంచిపని చేసి చెప్పుకోవడం నాకు చేతకాదు. చేసింది తక్కువ కనక అలవాటు లేదు. అక్కడికెళ్ళి విప్పి చూసుకున్నప్పుడు తెలుస్తుందిలే అనుకున్నాను.

తెలిసింది.

పరీక్ష జరిగేది ఒక పెద్ద కాలేజీలో. ఆమెను లోపలికి పంపి, గేటు ఎదురుగా టీ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాను. నాలాంటివాళ్ళు ఇంకా చాలామంది. ఒకావిడ కొడుకు బూట్లు చేతిలో పట్టుకుని నిలబడింది. బూట్లతో రానివ్వలేదట, కుర్రాడు ఒట్టి కాళ్ళతో వెళ్ళాడు. "కాళ్ళతో ఏం కాపీ కొడతాడండీ?" అని ఆవిడ అందరినీ అడుగుతోంది.

మా అమ్మాయి బయటికి వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. నడకలో తొందర లేదు. సంచి నా ఒళ్ళో పెట్టి పక్కన కూర్చుంది.

"నాన్నా, దీన్ని బాగుచేశావా?"

"ఆ. నిన్న" అన్నాను. ఎలా ఉంది అని అడగబోయి దాని మొహం చూసి ఆగాను.

"చెప్పలేదేం?"

"చెప్పేదేముందే, చిన్నపని. ఏం, పని చెయ్యలేదా?"

"చేసింది" అంది. "బాగా చేసింది."

టీ బండివాడు గ్లాసు పట్టుకొచ్చాడు. తీసుకుంది, తాగలేదు.

"అది ఒక్కసారి నొక్కితే పలకదు కదా నాన్నా. రెండోసారికి పలుకుతుంది. రెండేళ్ళ నుంచి నేను రెండుసార్లే నొక్కుతున్నాను. మాట అయిపోగానే టక్ టక్. ఇప్పుడది నేను చెయ్యట్లేదు, వేలు దానంతటదే చేసేస్తోంది."

గోడ వెంట ఆరుగురు కొడుతుంటే మూలనుంచి వచ్చే ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. అందరిదీ ఒకలా ఉండేది, ఆమెది ఒకలా. మాట, టక్ టక్. మాట, టక్ టక్. రెండేళ్ళు విన్నాను. ఆడపిల్ల చెయ్యి, దాని తీరు అదేలే అనుకున్నాను. నేర్పేవాణ్ణి నేను. మాస్టార్ని.

"అసలు పరీక్షకు ముందు చెయ్యి సర్దుకోడానికి రెండు నిమిషాలిచ్చారు. మొదటి వరుసలోనే చూశాను. ప్రతి మాటకీ రెండు ఖాళీలు. ఎక్కువైన ప్రతి ఖాళీ ఒక తప్పు. వెనక్కెళ్ళి దిద్దుకోనివ్వరు."

"అక్కడివాళ్ళనడిగి వాళ్ళ కీబోర్డు..."

"ఏ కీబోర్డయితే ఏం? వేలు నాదే కదా."

"మరేం చేశావ్?"

కుడి బొటనవేలు చూపించింది. అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్ళు దాని మీదుగా చాపింది. "దీన్నిలా మడిచేశాను. ఎడమ బొటనవేలుతో నొక్కాను. ఎడమదానికి ఏ అలవాటూ లేదు. తప్పులు రాలేదు, స్పీడే..." అని ఆగి, "చూద్దాం" అంది.

ఇంటికి వచ్చాం. ఇంటావిడ గుమ్మంలోనే "ఎలా రాశావే?" అంది. "బానే రాశానమ్మా, ఆకలేస్తోంది" అంది పిల్ల. నేను చేసిన పని అమ్మాయి తల్లికి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. అది నా మీద జాలో, నన్ను ఏమనాలో తోచకో నాకు తెలియదు. అడిగే మొహం లేదు.

ఇరవై రోజులకి జాబితా వచ్చింది. గదిలో మెషీన్ మీద సీనియరే చూశాడు. పై నుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి జరిపాడు. మామూలుగా ఒక్క నిమిషం నోరు మూసుకోని మనిషి, కుర్చీ వెనక్కి తోసి లేచి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆమె తన మార్కుల కాగితం తీసుకుంది. తప్పులు మూడు. వేగం ముప్ఫైరెండు. మూడు మాటలు తక్కువ.

"పోనీలే చెల్లాయ్, తప్పులు మూడే చూడు, అది మామూలు విషయం కాదు" అన్నాడు సీనియర్.

"అవునన్నయ్యా" అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకుంది.

మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడో ఎవరికీ తెలియదు. రేపు రావచ్చు, రెండేళ్ళకి రావచ్చు. ఆమెకి మిగిలింది పదకొండు నెలలు. ఇంటావిడ చీరలు మళ్ళీ పెట్టెలో పెట్టింది. నాలుగు రోజులు అమ్మాయి గది వైపు రాలేదు. నేనూ రమ్మనలేదు. ఏమని రమ్మంటాను?

అయిదో రోజు పొద్దున గది తెరిచి ఊడుస్తుంటే తల వంచుకుని లోపలికి వచ్చింది. మూలకి వెళ్ళలేదు. ఒకటో నంబరు ముందు కూర్చుంది. ఫ్యాను వేసుకుంది. కుడి బొటనవేలిని మడిచి పెట్టి, ఎడమదానితో మొదలుపెట్టింది. మాట, టక్. మాట, టక్. నిదానంగా, పలక మీద కొత్తగా రాసే పిల్లలా.

చీపురు పట్టుకుని నిలబడిపోయాను. ఏదైనా అనాలనిపించింది. నా దగ్గర ఉన్న మాట "ఆపండి" ఒక్కటే.

తొమ్మిదింటికి సీనియర్ వచ్చాడు. తన చోట ఆమెను చూసి, నన్ను చూశాడు.

"మాస్టారూ, ఒకటోది నాది కదా?"

"ఇవాళ్టి నుంచి నువ్వు ఆరోదాని ముందు కూర్చో."

"ఆరోదా? ఫీజు ఒకటోదానికి తీసుకుని ఆరోదాని ముందా? ఇదేం న్యాయం మాస్టారూ? దాని స్పేస్ బార్ ముసలాడి పన్నులా ఊగుతుంది."

"ఇష్టమైతే కూర్చో, లేకపోతే ఇంకో చోటు చూసుకో" అన్నాను. ఇన్నేళ్ళలో ఫీజు కట్టినవాడితో ఆ మాట అనడం అదే మొదలు.

గొణుక్కుంటూ మూలకి వెళ్ళాడు. నీళ్ళ డబ్బా జరిపి కూర్చున్నాడు. నాలుగు మాటలు కొట్టాడు, ఆగాడు, మళ్ళీ కొట్టాడు.

"ఓహో, ఎప్పుడు బాగుచేశారు మాస్టారూ? కొత్తదానికంటే బాగుంది! మీ చేతిలో ఏదో ఉందండోయ్!"

ఒకటో నంబరు దగ్గర చప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఆమె తల ఎత్తలేదు, వెనక్కి తిరగలేదు. మళ్ళీ మొదలైంది. మాట, టక్. మాట, టక్.

నేను గడియారం ముందు కూర్చున్నాను.