పావుగంట తేనె

మా ఆయన శ్రీరంగప్పకు నోట్లో క్యాన్సర్ అని తెలిసినప్పుడు కంబదూరు చుట్టుపక్కల పల్లెలన్నీ అయ్యో అన్నాయి. అన్నవాళ్లలో సగంమంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్లే. ఆయన పని బోరు పాయింట్లు చూడటం. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలో నడుస్తాడు, అది నిలబడ్డచోట రాయి పెట్టిస్తాడు. నీళ్లు పడితే ఆయన గొప్ప. పడకపోతే, అడగడానికి వచ్చినవాడి మీద ఒంటికాలి మీద లేస్తాడు. ఆ నోటికి జడిసి రెండోసారి ఎవరూ వచ్చేవారు కాదు.

ఆపరేషన్ అయ్యాక అనంతపురంలో ముప్పైమూడు సార్లు కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలన్నారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"నోరు పుండైతే తిండి పోదమ్మా. మనిషి నీరసపడితే మధ్యలో ఆపాల్సి వస్తుంది. ఆపితే రోగం మళ్లీ తల ఎత్తొచ్చు."

ఉప్పు, సోడా కలిపిన నీళ్లతో పుక్కిలించమంది, కారం మానమంది. పుండ్లు పడకుండా తేనె మంచిదంటారే, ఆ సంగతి నేనే అడిగాను. షుగరు లేదు కాబట్టి వాడుకోమంది, అందరికీ పనిచేస్తుందని మాత్రం చెప్పలేనంది. కరెంటుకు ముందొకసారి, తర్వాతొకసారి, సాయంత్రం ఇంటికొచ్చాక ఒకసారి, నోరంతా తిప్పి మెల్లగా మింగాలట. ఎంత మెల్లగానో ఆమె చెప్పలేదు. పావుగంట అని నేనే తేల్చి, ఫోనులో అలారం పెట్టాను.

మొదటి సాయంత్రం ఆయన అరుగు మీద బుగ్గలు పొంగించుకుని కూర్చున్నాడు. పలకరించడానికి మా ఊరి రైతు ఓబుళేసు వచ్చాడు. మాట్లాడకూడదని నేనే చెప్పాను.

"పావుగంటా? ఒక్క మాట కూడా మాట్లాడడా వదినా?" అంటూ ఓబుళేసు ఎదురుగా చతికిలబడ్డాడు. "అట్లయితే ఇనన్నా. నీ మాట నమ్మి ఏడునూర్ల అడుగులు కొట్టించినా. దుమ్ము తప్ప ఏమొచ్చె? తప్పయిందని ఒక్కసారన్నా అంటివా?"

మా ఆయన ముఖం కందగడ్డయింది. లేవబోయాడు.

"మింగినావంటే చూడు!" అన్నాను. కూర్చున్నాడు పాపం.

మూడో రోజుకు వీధి చివరిదాకా జనం. కుందుర్పి నుంచి కూడా వచ్చారు. వాళ్లలో వాళ్లు కొట్టుకోకుండా మనిషికి మూడు నిమిషాలని నేను కట్టడి చేశాను. ఆంజినమ్మ తన బాధంతా కాగితం మీద రాయించుకుని వచ్చింది. తనకు చదవను రాదు కాబట్టి వెనకున్నాయన చదివాడు, మధ్యలో తనవి రెండు తిట్లు కలిపాడు. ఇంకొకాయన తన బోరులో లేచిన దుమ్మును సంచినిండా తెచ్చి అరుగు మీద కుమ్మరించాడు. తేనె అయిపోతే ఎట్లా అని భయపడి వాళ్లే సీసాలు తెచ్చిపెట్టేవాళ్లు. నా జన్మలో అంత తేనె చూడలేదు. మా ఆయన పళ్లు కొరకను కూడా వీల్లేక కళ్లతోనే తిట్టేవాడు.

ఇరవై రెండో సారికి నాలుక అంచున రెండు పుండ్లు లేచాయి. డాక్టరమ్మ పూత మందిచ్చి, ఇంకొంచెం ముదిరితే ఆపాల్సిందేనంది. బస్సులో వస్తున్నంతసేపూ నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం వచ్చినవాళ్లందర్నీ పంపేశాను.

"ఈ పొద్దు నా వంతు," అని ఆయన నోట్లో తేనె పోసి, అలారం పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

ముప్పై ఎనిమిదేళ్లవి ఉన్నాయి నా దగ్గర. నన్ను ఒక్క మాటా పూర్తిగా చెప్పనివ్వని మనిషి. నలుగురిలో నా నోరు మూయించింది, మా అమ్మ చచ్చిన రోజు కూడా కూర బాగలేదని అరిచింది, అన్నీ వరసగా అడగాలని నోరు తెరిచాను.

"నాకు భయమైతాండాదయ్యా," అన్నాను. నేననుకున్నది అది కాదు. "ఈ కరెంటు ఆపేస్తే నేనేం చేసేది? నువ్వు పోతే ఈ ఇంట్లో అరిచేదెవరు? నీతో పడలేక చస్తాండా, నువ్వు ల్యాకుంటే బతకల్యాను. నీకు సిగ్గుందా, నన్నిట్ల చేసిపెట్టినావు!"

అలారం మోగింది. ఆయన గుటక వేశాడు. ఇక తిట్లు అందుకుంటాడని తల వంచుకున్నాను.

ఆయన అలారం ఆపాడు. సీసా మూత తీసి, ఇంకో రెండు చెంచాలు తనే నోట్లో పోసుకుని, చెప్పు అన్నట్టు నాకేసి గడ్డం ఎగరేశాడు.