నీలం కవరా, పిట్టా?

తెరలు కుట్టే కొట్టు ఆయన్ని ఊళ్ళో అందరూ బావ అనే పిలుస్తారు. మిషను దగ్గర కూర్చునే బావమరిది పొద్దున్నుంచీ "బావా, బావా" అని అరుస్తుంటే, వచ్చేపోయేవాళ్ళకీ అదే అలవాటైపోయింది.

బావ పెళ్ళికి ముందునుంచీ కిటికీ తెరలే కత్తిరిస్తున్నాడు. పడకగదివి, వంటగదివి, స్నానాలగదివి. చెయ్యి మంచిది. ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం? కిటికీ తెరని పక్కకి నెట్టి బయటికి చూస్తారు. తెర వంక చూసినవాడు ఇంతవరకూ లేడు. అందుకే నాటకాల హాలువాళ్ళు కొత్త తెర కావాలని మెయిలు పెట్టిన రోజున ఆయనకి భోజనం సయించలేదు. జనమంతా వచ్చి కూర్చుంటారు. దీపాలు ఆర్పేస్తారు. అప్పుడు చూడ్డానికి ఆయన తెర తప్ప ఇంకేముంటుంది? అది తెరుచుకోగానే చప్పట్లు. నాటకానికే కొట్టనీ, తెరకీ కాసిని తగలకపోవు కదా. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే బావమరిది ఆర్నెల్లు నవ్వుతాడు.

హాలు మేనేజరు ఒక్కటే షరతు పెట్టాడు. "అన్నీ మెయిల్లోనే మాట్లాడుకుందాం. శుక్రవారానికి తేలకపోతే ఇంకో కొట్టు చూసుకుంటాం."

మెయిలంటేనే బావకి గుండె దడ. తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డు అడుగుతుంది. మరిచిపోతానని ఒకసారి దాన్ని సుద్దముక్కతో గుడ్డ అంచున రాసుకున్నాడు. ఆ గుడ్డనే కత్తిరించి, కుట్టించి, పంపేశాడు. "మన పాస్‌వర్డు ఎవరి స్నానాలగదిలోనో వేలాడుతోంది" అని బావమరిది కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకొచ్చాడు.

కంప్యూటరు మెకానిక్‌ని పిలిచారు. "మీలాంటివాళ్ళకి కంప్యూటర్లోనే ఒక మెయిలు ప్రోగ్రాము ఉండాలండీ" అన్నాడతను. "పాస్‌వర్డు ఒక్కసారి చెబితే చాలు. ఉత్తరాలు అదే దింపుకుంటుంది, అదే దాచుకుంటుంది. రెండున్నాయి, ఏది పెట్టమంటారు?"

ఒకదాని బొమ్మ నీలం కవరు. రెండోదాని బొమ్మ పిట్ట.

"కవరు పెట్టు. ఉత్తరం వస్తే టింగుమంటుందట" అన్నాడు బావ.

"పిట్ట పెట్టవయ్యా. రంగురంగుల అరలున్నాయి. పిట్టైతే ఉత్తరం ఎగిరొచ్చి ఇస్తుంది" అన్నాడు బావమరిది.

"పిట్ట రెట్ట కూడా వేస్తుందిరా."

"కవరు చిరుగుతుంది బావా."

"నీ మొహం, కంప్యూటర్లో కవరెట్లా చిరుగుతుంది?"

"కంప్యూటర్లో పిట్ట రెట్టెట్లా వేస్తుంది మరి?"

మెకానిక్‌కి తల తిరిగింది. రెండూ పెట్టేశాడు. "ఒకటి ఉంచుకుని ఒకటి తీసేయండి. ఇంకో ముఖ్యమైన సంగతి..." అని ఏదో చెప్పబోయాడు. ఈలోపు వీళ్ళు రెట్ట దగ్గరికే మళ్ళీ వచ్చారు. అతను సంచి చంకన పెట్టుకుని పారిపోయాడు.

అక్క, అంటే ఒకరికి పెళ్ళాం, ఒకరికి తోడబుట్టింది, ఇద్దరి మధ్యనా కూర్చుని తెరలకి రింగులు కుడుతుంది. ఆవిడ అక్కడ కూర్చోకపోతే కత్తెర ఏనాడో గాల్లోకి లేచేది.

"శుక్రవారం దాకా ఎవరిది వాళ్ళు వాడండి. ఏది బాగుంటే అదే. నేను సాక్షి" అంది.

"సాక్షి అంటే సంతకం చెయ్యాలి" అన్నాడు బావ.

అక్క కంప్యూటరు ముందు కూర్చుంది. వెతగ్గా వెతగ్గా సెట్టింగుల్లో 'సంతకం' అని రాసున్న గడి దొరికింది. "చూశారా, ఇట్లాంటి మొగుళ్ళుంటారని ఈ ప్రోగ్రాము చేసినవాళ్ళకీ తెలుసు" అని, కవర్లో ఒకసారి, పిట్టలో ఒకసారి టకటకా ఏదో కొట్టింది.

"ఏం రాశావే?"

"న్యాయం."

హాలు నుంచి మొదటి ఉత్తరం కవర్లో పడింది. టింగుమంది. 'తెర మధ్యలో విడిపోవాలా, పైకి లేవాలా? ఏ రంగు బాగుంటుంది?' బావకి ఒళ్ళు పొంగింది. 'ఎర్రది. మధ్యలో విడిపోవాలి' అని ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు. అడుగున రెండు చిన్న గీతలు, వాటికింద చీమ కాళ్ళంత బూడిదరంగు అక్షరాలు కనిపించాయి. కంపెనీవాళ్ళ షరతులు కాబోలనుకున్నాడు. షరతులు చదివేదెవరు? పంపేశాడు.

రెండో ఉత్తరం పిట్టలో పడింది. 'సరే, అంచుకి ఏ రంగు?' అంతకుముందు ఏం జరిగిందో బావమరిదికి తెలియదు. 'అంచు అక్కర్లేదు. నీలం తెర పెడదాం, చాపలా చుట్టుకుంటూ పైకి లేస్తుంది' అని రాసి పారేశాడు. అడుగున బూడిద అక్షరాలు అతనికీ కనిపించాయి. అతనూ చదవలేదు.

"ఏరా, మీ పిట్టకి మేత దొరికిందా?" అని అడిగేవాడు బావ.

"మీ కవరు ఉబ్బిందా బావా?" అని ఇతనూ ఎదురడిగేవాడు.

ఇద్దరూ గుంభనంగా నవ్వుకునేవాళ్ళు. ఉత్తరాలన్నీ తనకే వస్తున్నాయి, అవతలివాడిది ఉత్త బొమ్మేనని ఇద్దరికీ గట్టి నమ్మకం. తర్వాతి ఉత్తరం బావకి పడితే ఎర్రది, బావమరిదికి పడితే నీలం. వారమంతా అదే వరస. అక్క రింగులు కుడుతూనే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం హాలు మేనేజరే దిగాడు. మామూలుగా మాట్లాడితేనే గుడ్డల తానులు అదిరే గొంతు. చేతిలో అచ్చువేసిన కాగితాల కట్ట.

"ఈ ఉత్తరాలు రాస్తున్నదెవరయ్యా?"

"నేనేనండీ" అన్నాడు బావ.

"నేనేనండీ" అన్నాడు బావమరిది.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒకనాడు ఎర్ర తెర విడిపోతుంది, ఇంకోనాడు నీలం తెర లేస్తుంది. మళ్ళీ ఎర్రది! మా నటులు రిహార్సలు మానేసి ఇవే చదువుకుంటున్నారు. నాటకం కన్నా ఇవే బాగున్నాయట."

బావ గబగబా లేచాడు. ఫోనందుకుని మెకానిక్‌ని నిలదీశాడు.

"అదే కదండీ ఆరోజు చెప్పబోయింది" అన్నాడు మెకానిక్. "మీ మెయిల్లో వచ్చే ఉత్తరం ఒక్కటే. ఏ ప్రోగ్రాము ముందు లాక్కుంటే దానిదే, రెండోదానికి మిగలదు. సగం కవరు తినేసింది, సగం పిట్ట తినేసింది. మీరు నన్ను చెప్పనిస్తేగా!"

ఫోను పెట్టేసి బావ తన కత్తెర వంక చూసుకున్నాడు. ఇక జన్మంతా కిటికీలే.

"ఇంకో కొట్టుకి ఇచ్చేద్దామనే బయల్దేరాను" అన్నాడు మేనేజరు. "కానీ మీ ఉత్తరాలన్నిట్లో మారకుండా ఉన్నది ఒక్క మాటుంది. ప్రతిదాని కిందా ఉంది." కాగితం ఎత్తి, గొంతు సవరించుకుని చదివాడు. "'వీళ్ళిద్దరి మాటా నమ్మకండి. ఇద్దరిదీ ఒకటే తిక్క. ఇట్లు, మధ్యలో కూర్చున్నది.' ఎవరమ్మా ఆ మధ్యలో కూర్చున్నది?"

అక్క పళ్ళ మధ్యనున్న సూది తీసి, "నేనే" అంది.

"ఓసి నీ! నువ్వు రాసింది అందరికీ పోయిందటే?" అన్నాడు బావ.

"సంతకం అనుంటే చేశాను. మీరు రాసే ప్రతి ఉత్తరం కిందా అదే అంటుకుని పోతుందని నాకేం తెలుసు? అయినా రోజూ దాని నెత్తిమీదే రాస్తున్నారుగా, ఒక్కరన్నా చదివారా?"

"మీరే చెప్పండమ్మా" అన్నాడు మేనేజరు. "ఏ తెర?"

బావమరిది కళ్ళతో నీలం చూపించాడు. బావ కళ్ళెత్తలేదు.

"ఎర్రదే" అంది అక్క. "మధ్యలోనే విడిపోవాలి. పైకి లేచిందనుకోండి, ముందు నటుల కాళ్ళు కనపడతాయి. అందరి కళ్ళూ ఆ కాళ్ళ మీదే ఉంటాయి. మధ్యలో విడిపోతే ఆఖరిదాకా తెరనే చూస్తారు."

బావ చటుక్కున తలెత్తాడు. ఆయన ఎవరికీ చెప్పని మాట అది. ఆవిడ అప్పటికే సూది మళ్ళీ పళ్ళ మధ్య పెట్టేసుకుంది.

మేనేజరు ఖాయం చేసి లేచాడు. "ఆ ప్రోగ్రాముల్లో ఏది తీసేస్తారో మీ ఇష్టం. ఆ సంతకం మాత్రం తీయకండి."

ఆయన గడప దాటగానే బావ గొంతు పెద్దది చేసుకుని, "ఒరేయ్, పిట్టనే ఉంచుదాం" అన్నాడు.

బావమరిది గిరుక్కున తిరిగాడు. "కవరొద్దా?"

"తెర నాదైంది. పిట్ట నీది. రెట్ట నువ్వే తుడుచుకో."

నాటకం మొదలయ్యే రోజున ముగ్గురికీ ముందు వరసలో కుర్చీలు వేశారు. దీపాలార్పారు. హాలంతా గుసగుసలాగి ఎర్ర తెర వంక చూసింది. బావ మెడ తిప్పి, తెర వంక చూసే జనం వంక చూశాడు. తెర మధ్యలో మెత్తగా విడిపోయింది. చప్పట్లు మోగాయి. బావ లేచి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించాడు.

"కూర్చోవయ్యా, అడ్డం! ఏం కనపడట్లేదు" అని వెనకనుంచి ఎవరో కేకేశారు.

"ఇంకేం కావాలండీ చూడ్డానికి?" అన్నాడు బావ. "తెర అయిపోయిందిగా!"