గురువారం ఆరేసిన దుప్పట్లు

నేను ఒక గుడ్డలు పిండే మరను. ఎవరినీ తొందరపడి నమ్మే రకాన్ని కాదు. మీ ఊళ్లో చెరకు రసం బండి చూసే ఉంటారు. ఒకదాని మీద ఒకటి రెండు రూళ్లు, పక్కన తిప్పడానికి చక్రం. నా రూపమూ అంతే. కాకపోతే నా రూళ్లు చెక్కవి, వాటి మధ్య నుంచి వెళ్లేది తడిబట్ట. ఇంగ్లండులో నన్ను మాంగిల్ అంటారు. ప్రస్తుతం యార్క్‌షైర్‌లో ఒక చిన్న ఊరి మ్యూజియంలో, చుట్టూ తాడు కట్టిన మూలలో ఉన్నాను. ‘ముట్టుకోరాదు’ అని బోర్డు పెట్టారు. అది పిల్లల నుంచి నన్ను కాపాడటానికో, నా నుంచి పిల్లల వేళ్లను కాపాడటానికో నాకింకా తేలలేదు.

నా ఇనుప చట్రాన్ని పోతపోసినవాళ్లు దాని మీద తీగలూ పువ్వులూ కూడా పోశారు. దుప్పట్లు పిండుతూ పువ్వులు చూసే తీరిక ఆడవాళ్లకు ఉంటుందని అనుకున్న మగవాళ్ల పని అది.

ఉన్నిమిల్లులో పనిచేసే మగవాడు చచ్చిపోతే, వీధివాళ్లు చందాలు వేసుకుని అతని భార్యకు నాలాంటి మరను కొనిపెట్టడం అక్కడి ఆచారం. ఇరుగుపొరుగు బట్టలు పిండి, నున్నగా వత్తి ఇచ్చి బతకమని. అలా నేను టెంటర్ వీధిలో క్లెగ్ అనే విధవరాలి ఇంటి వెనక పాకలోకి వచ్చాను. మర ఇచ్చాం కదా అని, ఆ ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారో తెలుసుకునే హక్కు కూడా తమకు వచ్చిందనుకున్నారు వీధివాళ్లు.

మనుషులను అనుమానించడం నాకు అక్కడే అలవాటైంది. మనిషి చెప్పేది ఒకటి, బట్ట చెప్పేది ఇంకొకటి. “మా ఆయన తాగుడు మానేశాడు” అని చెప్పిన ఆవిడ తెచ్చిన చొక్కాకు ఉతికినా బీరు వాసన పోయేది కాదు.

క్లెగ్ కూతురు నెల్లీకి ఇరవై దాటాక ఆమె తీరు కూడా నాకు నచ్చలేదు. మామూలు దుప్పటి మడతలో దాచి ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగుల పట్టీలను నా రూళ్లలోంచి తీసేది. ఏదో దొంగసరుకు అనుకున్నాను. ఆడవాళ్లకు ఓటు కావాలని ఊరేగేవాళ్లు భుజాన వేసుకునే పట్టీలని తర్వాత తెలిసింది. ఒకరోజు నెల్లీ ఒక దుకాణం అద్దం పగలగొట్టి, ఆరు వారాలు జైల్లో ఉండి వచ్చింది. ఆ ఏడాదంతా వీధిలో సగం మంది మాకు బట్టలు వేయలేదు.

“జైలుకెళ్లిన చేతులు పిండిన దుప్పట్ల మీద నా పిల్లల్ని పడుకోబెట్టనమ్మా!” అంది పక్కింటి మిసెస్ ఓల్డ్‌రాయిడ్, మొత్తం వీధికి వినపడేలా.

కొన్నేళ్లకు ఓటు వచ్చింది. ముప్పై నిండినవాళ్లకు మాత్రమే అన్నారు కాబట్టి నెల్లీకి మొదటిసారి లేదు. కొత్త టోపీ పెట్టుకుని అందరికంటే ముందు వెళ్లి ఓటు వేసి వచ్చింది మిసెస్ ఓల్డ్‌రాయిడ్.

తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1940 ఎండాకాలంలో ఊరందరికీ నా స్వభావమే పట్టుకుంది. జర్మన్లు దిగితే దారి తెలియకూడదని దారి చూపే బోర్డులు పీకేశారు. స్టేషన్ మీద ఊరి పేరు చెరిపేశారు. దారి అడిగినవాడల్లా జర్మన్ గూఢచారి. అప్పటికి తల్లి పోయి, నెల్లీ ఒంటరిగా ఉండేది. సైన్యానికి ఖాకీ నేసే మిల్లులో పని. ఇంట్లో ఆమెకు తోడు ఫ్రీదా అనే పందొమ్మిదేళ్ల పిల్ల. హిట్లర్ మనుషులు వియన్నాను పట్టుకున్నాక అక్కడి నుంచి తప్పించుకుని వచ్చింది. నెల్లీయే కాగితాలు నింపి, ఆఫీసుల చుట్టూ తిరిగి రప్పించింది. ఆ పిల్ల మాట్లాడేది జర్మన్. వీధికి అదొక్కటి చాలు.

అదీ కాక ఆ పిల్ల గురువారం బట్టలు ఉతికేది.

మీకిది చిన్న విషయంగా తోచవచ్చు. ఆ వీధిలో సోమవారం అంటే ఉతుకులు, ఉతుకులంటే సోమవారం. ఇంటి నుంచి ఇంటికి అడ్డంగా కట్టిన తాళ్ల మీద ఆ రోజు వీధంతా తెల్లగా ఊగేది. మిగతా రోజుల్లో తాళ్లు ఖాళీ. గురువారం మాత్రం నెల్లీ తాడు మీద దుప్పట్లు. “సోమవారం నాతోపాటే పిండుకోవచ్చు కదే” అని నెల్లీ అంటే, ఫ్రీదా నవ్వి ఊరుకునేది. బట్టలు ఆరేసే ముందు ఒకసారి ఆకాశం వైపు చూసేది. నేనూ చూశాను. నిజం చెప్పాలంటే నాకూ అనుమానం వచ్చింది.

జూన్‌లో ఒక గురువారం మధ్యాహ్నం పోలీసు సార్జెంట్ హెప్‌వర్త్ పాకలోకి వచ్చాడు. వెనకే మిసెస్ ఓల్డ్‌రాయిడ్.

“గురువారం, సార్జెంటు గారూ! క్రైస్తవులెవరైనా గురువారం ఉతుకుతారా? తెల్లది, నీలంది, మళ్లీ తెల్లది, పైవాళ్లకు సంకేతంలా. పోయిన వారం ఇలాగే ఆరేసింది, గంటలో విమానం వచ్చింది.”

“అది మన విమానమేనమ్మా.”

“మీకెలా తెలుసు? కిందికి దిగి మీతో చెప్పిందా?”

అప్పుడే మిల్లు నుంచి వచ్చిన నెల్లీ గుమ్మంలోనే మిసెస్ ఓల్డ్‌రాయిడ్ మాట అందుకుంది. “ఇన్నేళ్లుగా మా తాడు మీద ఏం ఆరిందో మాకు గుర్తులేదు గానీ నీకు గుర్తుంది, బెర్తా. నీ ఇంట్లో కిటికీ తప్ప ఇంకే సామానూ లేదా?”

“దేశం కోసం చూశాను.”

“దేశాన్నీ కాస్త నిద్రపోనివ్వు.”

సార్జెంట్ చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. నా చక్రం పట్టుకుని నిలబడ్డ ఫ్రీదా వైపు తిరిగాడు. “అమ్మాయ్, సూటిగా చెప్పు. గురువారమే ఎందుకు?”

జవాబుకు బదులు ఆమె నా చక్రాన్ని తిప్పబోయింది. నా పిడి మీద ఆమె అరచెయ్యి చెమటతో జారింది. వాళ్ల ఊళ్లో యూనిఫాం వేసుకున్నవాడు ఒక ప్రశ్న అడిగితే వాళ్ల నాన్న ఉన్నదున్నట్టు జవాబు చెప్పాడట. ఆ పైన ఆయన ఇంటికి రాలేదు. ఆ సంగతి ఆమె నెల్లీకి చెబుతుండగా విన్నాను.

“చెప్పకపోతే నేను అనుమానం అని రాయాలి” అన్నాడు సార్జెంట్. “రాస్తే రేపు పొద్దున బండి వస్తుంది. శత్రుదేశం వాళ్లను ఉంచే ద్వీపంలో ముళ్లకంచె శిబిరానికి. ఆపైన నా చేతుల్లో ఏమీ ఉండదు.”

“చెప్పు తల్లీ” అంది నెల్లీ.

ఫ్రీదా నేల చూస్తూ చెప్పింది. “మేము యూదులం. మాకు శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా విశ్రాంతి రోజు. ప్రతి వారం. అప్పటికి ఇంట్లో అన్నీ ఉతికిన బట్టలు ఉండాలి. అందుకే మా అమ్మ గురువారం ఉతుకుతుంది. వాళ్లమ్మ కూడా. ఇప్పుడు ఉత్తరాలు రావు. అమ్మ ఉందో లేదో తెలియదు. ఉంటే, ఈ వేళకి ఉతుకుతూ ఉంటుంది. అక్కడ ఎండ ఉందో లేదో అని పైకి చూస్తాను. అంతే.”

సార్జెంట్ పక్కకు తిరిగాడు.

“మీరు సోమవారమే ఎందుకు ఉతుకుతారు, మిసెస్ ఓల్డ్‌రాయిడ్?”

“ఎందుకేమిటి? సోమవారం ఉతుకుల రోజు.”

“అదే, ఎందుకు?”

“మా అమ్మ సోమవారం ఉతికేది” అంది ఆవిడ.

సార్జెంట్ పైకి చదువుతూ రాసుకున్నాడు. “గురువారం ఉతుకుతుంది. కారణం, వాళ్లమ్మ.” పెన్సిల్ జేబులో పెట్టుకుని, “మీ పేరున కూడా ఇదే రాయమంటారా?” అన్నాడు.

ఆవిడ విసురుగా వెళ్లిపోయింది. మర్నాడు బండి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

తర్వాతి నెల ఒక గురువారం, ఫ్రీదా రేషన్ దుకాణం ముందు వరసలో ఉండగా వాన మొదలైంది. మిసెస్ ఓల్డ్‌రాయిడ్ తలకు గుడ్డ కప్పుకుని వచ్చి, తాడు మీది దుప్పట్లన్నీ లాగి పాకలోకి తెచ్చింది. వీధి వైపు ఒకసారి చూసింది. ఒక్కో దుప్పటినీ వెలుతురుకు పట్టి, తిరగేసి, అంచులు తడిమింది. ఏమీ దొరకలేదు. ఊరికే వెళ్లలేక కాబోలు, అన్నీ మడతపెట్టి బల్ల మీద దొంతరగా పేర్చి వెళ్లింది.

ఫ్రీదా వచ్చి ఆ దొంతర చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక్కో దుప్పటీ విప్పింది. వెలుతురుకు పట్టింది, అంచులు తడిమింది. ఆమెకూ ఏమీ దొరకలేదు. అప్పుడు మిసెస్ ఓల్డ్‌రాయిడ్ ఇంటి గోడ వైపు తిరిగి, “థాంక్యూ” అంది, కాస్త గట్టిగా.



“నీకు జాడించడం సరిగ్గా రాదు పిల్లా” అని వినిపించింది గోడవతల నుంచి. “దుప్పట్లలో సబ్బు ఇంకా మిగిలే ఉంది.”