పక్కన పెట్టిన చీటీ

పక్షవాతం వచ్చి మా నాయనకు మాట పడిపోయింది. కొన్ని నెలలకు చెయ్యి కాస్త తిరిగింది, కర్ర ఊతంతో నడక వచ్చింది, మాట మాత్రం రాలేదు. "బొమ్మలు చూపించండి, పేర్లు చెప్పించండి. విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చేయించండి" అన్నాడు తిరుపతి డాక్టరు. విసుక్కోకుండా అన్నప్పుడు నా వైపే చూశాడు. నా మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుందేమో.

మా అన్న సుకుమార్ అప్పట్లో తిరుపతిలో ఒక కోచింగ్ సెంటరు కోసం చదువు చీటీల సాఫ్ట్‌వేరు రాస్తుండేవాడు. తెర మీద ప్రశ్న వస్తుంది. జవాబు అనుకుని మీట నొక్కితే అసలు జవాబు కనిపిస్తుంది. తెలిసిన చీటీ కొన్నాళ్ళు ఆగి వస్తుంది, తెలియనిది తొందరగా మళ్ళీ వస్తుంది. ఎంసెట్ పిల్లలకని చేసిన దాంట్లోనే నాయన కోసం ఇంకో కట్ట కట్టాడు. ప్రశ్నకు బదులు ఫోటో, జవాబుకు బదులు నా గొంతు. చెంబు, గొడుగు, చర్చి, ఇంట్లో మనుషులు. నాయన చిత్తూరు డిపోలో కండక్టరుగా చేసినవాడు కాబట్టి ఆయన బస్సు తిరిగిన ఊళ్ళు కూడా పెట్టాడు.

పొద్దున టిఫిను అయ్యాక నేను మీటల దగ్గర, నాయన తెర ముందు, ఆయన పక్కన అమ్మ. అదీ మా కొలువు. మొట్టమొదట వచ్చిన మాట "కార్వేటినగరం". నీళ్ళు అనలేని మనిషి అంత పొడుగు మాట అనేసరికి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తర్వాత పుత్తూరు వచ్చింది, కాణిపాకం వచ్చింది. అన్నం, చెంబు, గొడుగు వాటి వెనకాల నెమ్మదిగా వచ్చాయి. ఒకరోజు నా ఫోటో చూసి "నిస్సీ" అన్నాడు. ఆ రోజంతా నేను ఎవరి మీదా కేకలు వేయలేదు.

అమ్మ ఫోటో దగ్గరే వచ్చింది చిక్కు. కిటికీ పక్కన నిలబెట్టి అన్న తీసిన ఫోటో అది. అది తెర మీదికి వచ్చిందంటే అమ్మ కొంగు సర్దుకునేది, అప్పుడే ఫోటో తీస్తున్నట్టు. నాయన ఫోటో చూసేవాడు. తల తిప్పి పక్కనున్న అమ్మను చూసేవాడు. పెదవి కదిపేవాడు కాదు. నేను "రాలేదు" అన్న మీట నొక్కేదాన్ని. అప్పుడు "తిరుమలమ్మ" అని నా గొంతే యంత్రంలోంచి పలికేది. అమ్మ ఆయన మూతి పక్కన తడి తుడిచేది.

కొన్నాళ్ళకు ఆ ఫోటో రావడమే మానేసింది.

"నా బొమ్మ ఈ పొద్దు కూడా రాలేదేమే?" అని అడిగింది అమ్మ.

"రేపొస్తాదిలేమ్మా" అన్నాను. దాని వంతు రాలేదేమోనని నిజంగానే అనుకున్నాను.

రేపు కూడా రాలేదు, ఆ పై వారమూ రాలేదు. చివరికి అమ్మ ఆయన పక్కన కూర్చోవడం మానేసింది. చీటీల వేళకు వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. ఒకరోజు ఉండబట్టలేక, ఎందుకు వచ్చి కూర్చోవడం లేదని అడిగాను.

"ఊర్లన్నీ గుర్తుండాయి మీ నాయనకు. బస్సులో టికెట్టు సీటీ సింపి ఇచ్చినవాళ్ళ ఊర్లు. ఇంట్లో వండిపెట్టినదాన్నే మరిసిపోయినాడు" అంది. "మిషనుకే తెలిసిపోయినట్టుండాది, ఇంక సూపించేదే లేదు."

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. అన్నకు ఫోన్ చేసి ఆ కోపమంతా వాడి మీద కుమ్మరించాను. వాడు ఆదివారం రాగానే చెప్పులు విప్పి నేరుగా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగాడు.

"పోయినసారి వచ్చినప్పుడు ఈడే ఎంసెట్ పిల్లోళ్ళ కెమిస్ట్రీ కట్టలో ఒక మార్పు చేసినాను. ఆరుసార్లు తప్పిన చీటీని పక్కన పెట్టమని. కష్టమైనవే పదేపదే వస్తే పిల్లోళ్ళు బెదిరిపోతా ఉండారని మాస్టరు చెప్పినాడు."

"కెమిస్ట్రీలో మారిస్తే నాయన కట్టకేమైంది?"

"రెండు కట్టలూ ఒకే సెట్టింగుల గుంపులో ఉండాయి. గుంపులో ఏది మారినా రెండింటికీ మారతాది."

"ఆ సంగతి తెర మీద యాడ రాసుండాది?"

వాడు చూపించబోయాడు. చూపించడానికి ఏమీ లేదు. పైన పెద్దక్షరాలతో "కెమిస్ట్రీ సెట్టింగులు" అని ఉంది. గుంపు మాటే లేదు. రాసినవాడే మరిచిపోయి మోసపోయాడు, ఇక వాడుకునేవాళ్ళ గతేమిటి? తిట్టడానికి నా నోట్లో చాలా మాటలు ఉన్నాయి. వాడి మొహం చూసి మింగేశాను.

పక్కన పెట్టిన చీటీలన్నీ తెరిచాడు. వాడి రసాయనాల సూత్రాల మధ్య, కొంగు సర్దుకుని నవ్వుతూ మా అమ్మ. అన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకుండా ఆ తెరను మార్చాడు. ఇప్పుడు పైన గుంపు పేరు, దాని కింద ఆ గుంపులోని కట్టల పేర్లు. ఏదైనా మారిస్తే ఒప్పుకునే ముందు అడుగుతుంది: "ఈ మార్పు పై కట్టలన్నిటికీ వర్తిస్తుంది. ఒక్కదానికే కావాలంటే కొత్త గుంపు చేయండి." తర్వాత "నాయన" అని వేరే గుంపు చేసి, ఎన్నిసార్లు తప్పినా ఏ చీటీనీ పక్కన పెట్టవద్దని అందులో పెట్టాడు.

"అమ్మా, రామ్మా. నీ బొమ్మ వచ్చింది" అని పిలిచాను.

"నాకు పనుండాది" అంది వంటింట్లోంచి. ఇంకోసారి ఆ మౌనం చూసే ఓపిక ఆమెకు లేదు. నాకూ లేదు, కానీ నాయనను తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

ఫోటో వచ్చింది. నాయన చూశాడు. అలవాటుగా పక్కకు తల తిప్పాడు. అక్కడ అమ్మ లేదు. మళ్ళీ తెర చూశాడు, మళ్ళీ పక్కకు చూశాడు. చేతకాక నేను మీట నొక్కాను. "తిరుమలమ్మ" అంది యంత్రం.

"కాదు" అన్నాడు నాయన. చెయ్యి ఊపుతూ, కోపంగా, స్పష్టంగా.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నాయన కర్ర అందుకుని వంటింటి వైపు తిరిగాడు. గొంతు పెగల్చుకుంటూ, "ఏ... ఏమే" అన్నాడు.

అప్పుడు తెలిసింది మాకు, ఇద్దరు చదువుకున్న మొద్దులకు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నాయన అమ్మను పేరు పెట్టి పిలవగా విన్నదే లేదు. ఆయనకు ఆమె తిరుమలమ్మ ఎన్నడూ కాదు. పక్కనే కూర్చుని ఉన్న మనిషిని పిలవాల్సిన పనీ లేకపోయింది. ఆయన నోట ఏనాడూ లేని మాటను అడిగి, రాలేదు రాలేదని ఆమెను చీకట్లోకి తోసింది మేమే.

నేను పరుగున వంటింట్లోకి పోయాను. అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. "అమ్మా, నాయన పిలస్తా ఉండాడు, పలకమ్మా" అన్నాను.

తడిచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది.

"ఉండు. ఇంగోసారి పిలవనీ."

అవతల కర్ర నేలకు తగిలిన చప్పుడు. అది ఇంకొంచెం దగ్గరికి వచ్చింది.

"ఏమే... యాడుండావు?"

"ఈడే ఉండా" అంది మా అమ్మ.