మాలిక్ ఒక్కపొద్దు

రంజాన్ నెల పన్నెండో రోజున మాలిక్ మొదటిసారి ఒక్కపొద్దు తప్పాడు. ఆకలికి తాళలేక అయితే అదో దారి. వాడు తప్పింది కండల కోసం.

చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ చేసే చోట వాడి పని. పని దిగి నాలుగున్నరకు జిమ్‌కు వస్తాడు. పండగ దాటాక ఒంగోలులో కండల పోటీలున్నాయి. కసరత్తు అయిన అరగంటలో ప్రోటీన్ పడకపోతే అలిసిన కండ కోలుకోదని ఎవడో ఫోన్‌లో వీడియో పెట్టాడు. ఇంకేం, వీడు బట్టలు మార్చుకునే గదిలో దూరి, గడియ పెట్టుకుని, షేకర్‌లో పొడి కలుపుకుని గటగటా తాగేశాడు. ఒక్కపొద్దు విడిచే సాయంత్రం అజాన్‌కు ఇంకా ముప్పావు గంటే ఉంది. ఆ కాస్తా ఆగితే కొంపేం మునిగిపోదు. ఆ సంగతి వాడికీ తెలుసు. తెలిసే తాగాడు, సిగ్గులేనోడు.

మూతి తుడుచుకుని బయటికొచ్చేసరికి బెంచీ మీద ప్రకాష్ నోరు పిడచగట్టుకుపోయి కూర్చున్నాడు. ఇద్దరిదీ ఒకే చోట పని. ప్రకాష్ లారీలకు రాళ్లెక్కిస్తాడు. ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి, వాడికి ఏ ఒక్కపొద్దూ లేదు. అయినా రంజాన్ మొదటి రోజే నీళ్ల సీసా ఇంట్లో వదిలేసి వచ్చాడు.

"నువ్వు గొంతెండిపోయి బరువులెత్తుతుంటే నీ ఎదురుగా నేనెట్టా తాగుతానురా? అజాన్ అయినాక ఇద్దరం కలిసే తాగుదాం," అన్నాడు ఆవేళ.

ఆ మాట గుర్తొచ్చి మాలిక్‌కు తల కొట్టేసినట్టయింది. రేపట్నుంచి మానేద్దామనుకున్నాడు. మానలేదు. ఛీ, నీదీ ఒక బతుకేనా అని తిట్టుకుంటూనే వరసగా ఏడు రోజులు తాగాడు. అద్దంలో తొడలు చూసుకుని మురిసేవాడు. అదే అద్దంలో వెనకాల ప్రకాష్ కనిపిస్తే కళ్లు దించుకునేవాడు.

ఎనిమిదో రోజు ఎండ మండిపోయింది. పొద్దంతా రాళ్లు మోసి వచ్చిన ప్రకాష్ బరువుల బార్ భుజాన వేసుకుని గొంతుక్కూర్చున్నాడు గానీ లేవలేకపోయాడు. మాలిక్ ఒక్క అంగలో వచ్చి బార్ అందుకున్నాడు. ప్రకాష్ కాలు పట్టుకుని నేల మీద దొర్లాడు.

"యేసయ్యా! పిక్క పట్టేసిందిరోయ్!"

మాలిక్ పరిగెత్తి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తెచ్చాడు. "తాగరా."

"టైమెంతయింది?"

"నీకెందుకురా టైము? ముందు తాగు!"

"ఇంకా అర్ధగంటుంది గదా. నువ్వు తెల్లారకముందు నుంచీ చుక్క నీళ్లు ముట్టకుండా ఉంటివి. అర్ధగంట ఉండటం నా వల్ల కాదా ఏంది?" పళ్ల బిగువున నొప్పి ఓర్చుకుంటూ ప్రకాష్ నవ్వబోయాడు.

మాలిక్ గ్లాసు నోటికి ఆనించబోతే ప్రకాష్ మొహం తిప్పేశాడు. చెబితే ఇక వీడు తన మొహం చూడడు. చెప్పకపోతే వీడు నీళ్లు తాగడు. పక్కన బరువులెత్తేవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు.

"నేను ఉండటంలేదురా ఒక్కపొద్దు," అన్నాడు చివరికి. "ఏడు రోజుల నుంచీ ఆ గదిలో దాక్కుని ప్రోటీన్ తాగుతున్నా. నీ కాలు పట్టేయకపోతే ఇవాళా ఈపాటికి తాగేసేవాణ్ణే."

ప్రకాష్ మోచేతుల మీద లేచాడు.

"దొంగ సచ్చినోడా! ఏడు రోజులు నా నోరు ఎండగట్టి, లోపల కూచుని తాగొస్తన్నావా? నన్ను ఎదవని చేశావు గదరా!"

వీడు నాలుగు తన్నినా బాగుండుననుకున్నాడు మాలిక్. పాపం, ఆ కాలు లేస్తే గదా తన్నేది.

ప్రకాష్ పిక్క పట్టుకునే అడిగాడు.

"ఇవాళ ఇంకా తాగలేదా?"

"లేదు."

"అల్లా మీద ఒట్టెయ్యి."

"ఒట్టు."

"అయితే ఇవాళ్టి ఒక్కపొద్దు ఉందిగా ఇంకా. ఆ గ్లాసు పక్కన పెట్టు."

"వద్దురా, నా కోసం నువ్వు..."

"పెట్టమన్నానా!"

మాలిక్ గ్లాసు కింద పెట్టాడు. కూలబడి, రాయిలా బిగుసుకుపోయిన ఆ పిక్కను రెండు చేతులా నొక్కసాగాడు. ఏడుపు తన్నుకొస్తోంది. తలెత్తి ప్రకాష్ మొహం చూడాలంటే ధైర్యం చాలడం లేదు.

"గట్టిగా నొక్కరా," అన్నాడు ప్రకాష్. "కండలు పెంచావుగా."