మూడో బెడ్ తాత

డ్యూటీ దిగేముందు నర్సులం తర్వాతి షిఫ్టుకి నోట్ రాసి వెళ్తాం. నేను రాసింది ఇదీ: "మూడో బెడ్ తాత ప్రాణం పోతున్నా ‘ఏం లేదమ్మా’ అంటాడు. నమ్మకండి, పొట్ట నొక్కి చూడండి."

నా రాత మొరటుగా ఉందట! మా హెడ్ నర్సు దాన్ని కంప్యూటర్లో ఏఐ చేత దిద్దించింది: "రోగి సహనశీలి. నొప్పి లేదని తెలిపారు."

తర్వాతి నర్సు అది చదివి, "నొప్పుందా తాతా?" అనడిగింది.

"ఏం లేదమ్మా."

ఆ అమ్మాయి పక్క బెడ్‌కి వెళ్లిపోయింది.

మర్నాడు నేను వచ్చేసరికి మూడో బెడ్ కడుగుతున్నారు. ఒళ్లు మండి హెడ్ నర్సు మీదికి వెళ్లాను.

"అరవకే తల్లీ, ఆయన కూతురికి కబురు పంపాలి," అంటూ స్క్రీన్ నావైపు తిప్పింది. ఏఐ అప్పటికే రాసేసింది: "మీ నాన్నగారు ఏ బాధా లేకుండా వెళ్లిపోయారు."