ఎడారుల పాఠం, నాలుగో పేజీ

"కంప్యూటర్లో చోటు లేదని ఒకటే గోల. అక్కర్లేనివన్నీ తీసి పారెయ్యి. నీకే కదా అవన్నీ తెలుసు," అన్నారు మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆ రోజు శనివారం. నాకు బడి లేదు, ఆయనకు ఒక పూటే పని. సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తారు. ఇంటికి తెచ్చుకున్న పని మా అమ్మాయి కంప్యూటర్లో చేసుకుంటారు. సరేనన్నాను. గిన్నెలు కడిగి, బట్టలు ఆరేసి, అత్తయ్య కళ్ళలో చుక్కల మందు వేసి, వంటగది గట్టు తుడిచి, చేతులు తుడుచుకుని, నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ ఎత్తు మారింది. ఆయన తనకు తగ్గట్టు దించుకున్నారు.

మా అమ్మాయికి ఏడో ఏట చూపు పోయింది. పదహారో ఏట అమ్మాయే పోయింది. మధ్యలోని తొమ్మిదేళ్ళూ అది ఈ కంప్యూటర్ ముందే చదువుకుంది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఉందని మా బడి కంప్యూటర్ టీచరమ్మ చెప్పింది. రెండు వేసవి సెలవులు ఆవిడ పక్కన కూర్చుని, నల్లటి తెర మీద ఒక్కో ఆదేశమూ టైపు చేయడం నేర్చుకున్నాను. ఒక అక్షరం తప్పితే మొదటికి రావాలి. ఇంటికి వచ్చి మళ్ళీ చేసేదాన్ని. "నాకివి బుర్రకెక్కవు, నువ్వే చూడు," అనేవారు ఆయన. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం, "దీని చేత మాట్లాడించాం చూడండి," అని మీట నొక్కి వినిపించేవారు. అందరూ ఆయన వైపు తిరిగి మెచ్చుకునేవారు. నేను పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసులు పెట్టుకుని వెనకాల నిలబడి ఉండేదాన్ని.

ఆ గొంతు మగగొంతు. ముక్కుతో మాట్లాడుతున్నట్టు ఉండేది. అమ్మాయి దానికి మాస్టారని పేరు పెట్టింది. "అమ్మా, ఇవాళ మాస్టారికి జలుబు చేసింది," అనేది. "మాస్టారు ఊపిరి తీసుకోకుండా చదివేస్తున్నాడే, పాపం, ఎవరో తరుముతున్నారు." మాస్టారికి పొడి అక్షరాలు పలకడం రాదు. పుస్తకంలో కి.మీ. అని ఉంటే "కి, మీ" అని ఊరుకునేవాడు. క్రీ.శ. అని ఉంటే "క్రీ చుక్క శ చుక్క" అనేవాడు. అది పొట్ట పట్టుకుని నవ్వేది. కానీ పరీక్ష ముందు రోజు అదే తప్పు పాతికసార్లు వింటే ఎవరికి నవ్వు వస్తుంది? అందుకని ఒక ఫైలు మొదలుపెట్టాను. ఎడమ వైపు పుస్తకంలో ఉన్న మాట, కుడి వైపు మాస్టారు పలకాల్సిన తీరు. రోజూ సాయంత్రం మర్నాటి పాఠాన్ని ముందుగా నేను వినేదాన్ని, తప్పు పలికిన మాటలన్నీ ఫైలులో సరిచేసేదాన్ని. బడిలో నలభై మంది నోటుపుస్తకాలు దిద్ది వచ్చి ఇంట్లో యంత్రం నోరు దిద్దేదాన్ని. "ఎప్పుడు చూసినా ఆ డబ్బా ముందేనా? ఇంట్లో మనుషులున్నారన్న ధ్యాస ఉందా?" అనేది అత్తయ్య. ఆ డబ్బా ముందు కూర్చున్నది కూడా ఇంట్లో మనిషే అని అనలేదు. అనవలసినవి చాలా అనలేదు నేను.

పని మొదలుపెట్టాను. లినక్స్‌లో ప్రోగ్రాములు ప్యాకేజీలుగా వస్తాయి, మూటల్లాగా. మనం ఒకటి కావాలని అడిగితే దానికి ఆసరాగా ఉండేవి మరో పది, మనం అడక్కుండానే వెంట వస్తాయి. ఏది మనం కోరి పెట్టుకున్నది, ఏది వెంట వచ్చినది అన్న గుర్తు యంత్రం దగ్గర ఉంటుంది. కోరినదాన్ని తీసేస్తే, వెంట వచ్చినవి పని లేక అలాగే పడి ఉంటాయి. అవి ఏవో చూపించి, తీసెయ్యమంటావా అని అడిగే ఆదేశం ఒకటుంది. అది టైపు చేశాను. పాత అచ్చు యంత్రం తాలూకువో, మరేవో పాత మూటలు వస్తాయనుకున్నాను. అవి కొన్ని వచ్చాయి. వాటి కింద మాస్టారి గొంతు ఉంది. ఆ గొంతును నడిపించే ఇంజను ఉంది. వేళ్ళ కింద బ్రెయిలీ లిపి చుక్కలు పైకి తేల్చే చిన్న పలకను నడిపేది ఉంది. ఆ లిపి పట్టికలు ఉన్నాయి. మొత్తం పంతొమ్మిది పేర్లు. పైన ఒక వాక్యం: ఇవి వాటంతటవే వచ్చి చేరినవి, ఇప్పుడు వీటి అవసరం లేదు. కింద ఒక ప్రశ్న: తీసెయ్యాలా, వద్దా? ఆ పక్కన కర్సర్ మినుకు మినుకుమంటూ ఆగింది.

నేను చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఈ ఇంట్లో అమ్మాయివి ఏవైనా తీసేముందు నన్ను అడిగింది ఇది ఒక్కటే కదా అనిపించింది. నేను మళ్ళీ బడికి వెళ్ళిన మొదటి రోజు సాయంత్రం తిరిగి వచ్చేసరికి దాని మంచం లేదు, బట్టలు లేవు, తెల్ల కర్ర లేదు. "నీ కళ్ళ ముందు ఉంటే నీకే కష్టమని," అన్నారు. ఆ గదిలో ఆయన మ్యాపుల గొట్టాలు నిలబెట్టి ఉన్నాయి. బడిలోనూ అంతే. హెడ్మాస్టరు పిలిచి, ఎంతో జాలిగా, "మీకిప్పుడు పరుగున ఇంటికి వెళ్ళాల్సిన పని లేదు కదమ్మా, సాయంత్రం క్లాసులు మీరు చూసుకోండి," అని టైంటేబులు నా చేతికిచ్చారు. అప్పటికే అందులో నా గళ్ళు నింపి ఉన్నాయి. తీసెయ్యాలా వద్దా అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగడం మనుషులకు ఎందుకు చేతకాదో నాకు తెలియదు.

అప్పుడు తట్టింది. ఇవి వెంట వచ్చినవైతే, ఇవి ఎవరి వెంట వచ్చాయో ఆ అసలుది ఉండాలి కదా. తెరను చదివే ప్రోగ్రాం ఉన్నంతకాలం వీటిని అక్కర్లేనివనదు యంత్రం. వెతికాను. లేదు. ఎవరో తీసేశారు. దాన్ని పెట్టింది నేను, నేను తీయలేదు. ఈ యంత్రం ఏది పెట్టినా, ఏది తీసినా ఒక చిట్టాలో రాసుకుంటుంది. రోజు, గంట, నిమిషం, ఎవరు తీయమన్నారో వాళ్ళ పేరు. అమ్మాయి పోయాక, ఆ గొంతు వినలేక ఆయనే తీసి ఉంటారనుకున్నాను. వినలేకపోవడం నాకు అర్థమయ్యే విషయమే. చిట్టా తెరిచాను. ఆయన పేరే ఉంది. ఇరవై మూడో తారీఖు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఎనిమిది నిమిషాలు.

అమ్మాయి పోయింది ఆ తర్వాతి నెల మూడో తారీఖున.

తారీఖు మళ్ళీ చదివాను. వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదకొండు రోజులు. ఆ మంగళవారం నాకు బాగా గుర్తుంది. అప్పటికి అమ్మాయి జబ్బుతో ఆస్పత్రిలో ఉంది. ఉతికిన బట్టలు, అమ్మాయి హెడ్‌ఫోన్లు తెస్తానని పొద్దున ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళారు. మధ్యాహ్నం తిరిగి వచ్చారు. అడుగుల చప్పుడు పట్టి, "నాన్నా, మాస్టారు ఎలా ఉన్నాడు?" అని అడిగింది అమ్మాయి. "నీ కోసమే ఎదురు చూస్తున్నాడమ్మా," అన్నారు ఆయన. నాతో, "మందు పనిచేస్తోందట, కాస్త టైము పడుతుందట," అన్నారు. నేను నమ్మాను. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ఎడారుల పాఠం తెరిచి, ఇంటికి వెళ్ళాక ఫైలులో ఎక్కించడానికి మాస్టారు తప్పు పలికే మాటలన్నీ కాగితం మీద రాసుకుంటూనే ఉన్నాను. పాఠం నిండా కి.మీ.లు, డిగ్రీలు, నోరు తిరగని ఊళ్ళ పేర్లు. ఒకరోజు, శుక్రవారమో శనివారమో, అమ్మాయి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగింది. "అమ్మా, మాస్టారి కోసం రాయడం ఇంక చాల్లే. నువ్వు చదువు. ఊరికే, నీ గొంతుతో."

"ఉండమ్మా, ఈ పేజీ అవ్వనీ," అన్నాను.

మర్నాడు మళ్ళీ అడగలేదు. అలసిపోయిందనుకున్నాను. నాలుగో పేజీ సగంలో ఉండగా దాన్ని ఐసీయూకి మార్చారు. అక్కడికి పుస్తకాలు తీసుకెళ్ళనివ్వలేదు.

కర్సర్ ఇంకా మినుకు మినుకుమంటూనే ఉంది. వద్దు అన్న అక్షరం నొక్కాను. తర్వాత ఆ పంతొమ్మిదిలో అమ్మాయివైన వాటి పేర్లు ఒక్కొక్కటీ టైపు చేసి, ఇవి నేను కోరి పెట్టుకున్నవి అని గుర్తు పెట్టాను. ఇక ఏ ప్రోగ్రాం పోయినా యంత్రం వీటిని అక్కర్లేనివనదు.

ఆయన రెండు గంటలకు వచ్చారు. అత్తయ్య హాల్లో వాలు కుర్చీలో ఉంది. అన్నం వడ్డించాను. తినడం అయ్యేదాకా ఆగాను. అది కూడా అలవాటే. చెయ్యి కడుక్కుని వచ్చి, "అయిందా క్లీనింగు?" అన్నారు.

"చదివే ప్రోగ్రాం మీరే తీశారా?" అన్నాను.

"ఏ ప్రోగ్రాం?"

"అమ్మాయిది. ఇరవై మూడో తారీఖున."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నారు. అప్పటికే పొడిగా ఉన్నాయి. "ఆ రోజు సాయంత్రానికి మ్యాపు పంపాలన్నారు ఆఫీసులో. చోటు చాల్లేదు. పెద్దదేదో చూసి తీశాను. ఇప్పుడు దాని సంగతెందుకు?"

"అది పెద్దదేం కాదు. మీ మ్యాపుల ప్రోగ్రాంలో పదో వంతు ఉండదు."

"నాకేం తెలుసు ఇవన్నీ?"

"అమ్మాయి అప్పటికి బతికే ఉంది," అన్నాను.

ఆయన తువ్వాలు కుర్చీ వీపు మీద వేశారు. "పొద్దున్నే డాక్టరు పక్కకి పిలిచి చెప్పేశాడు," అన్నారు చివరికి. "పది రోజులో, పదిహేను రోజులో అన్నాడు. ఇంటికొచ్చి కంప్యూటర్ వేస్తే అది మాట్లాడింది. నాకు... తీసేశాను. తర్వాత మ్యాపు పని చూసుకున్నాను."

ఆ ఒక్క క్షణం ఆయన మీద జాలి కలిగింది. అబద్ధం చెప్పను. ఆ మగగొంతు ఖాళీ ఇంట్లో పలికితే ఎలా ఉంటుందో ఊహించగలను. కానీ ఆ జాలి వెనకాలే ప్రశ్న వచ్చింది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు తట్టుకోలేవని."

"ఎవరన్నారు?"

"ఎవరో అనడమేమిటి? మేమే అనుకున్నాం."

"మేమంటే?"

అత్తయ్య కుర్చీలోంచి అందుకుంది. "నాకు చెప్పాడమ్మా ఆ రోజే. నీ మరిదికీ ఫోన్ చేసి చెప్పాడు. నీకూ చెబ్దామనే అనుకున్నాం. అయితే నువ్వేదో ఆ కాగితాల మీద మాటలు రాసుకునే పనిలో పడి ఉన్నావు. పోనీలే, ధ్యాస అటు మళ్ళింది, అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాం."

ఆవిడ చెడ్డగా అనలేదు. అందుకే ఆ మాట లోపలికి దిగింది. ఆ పదకొండు రోజులూ వీళ్ళందరికీ తెలుసు. తెలిసి, వచ్చి, నిలబడి, నేను వంచిన తల ఎత్తకుండా రాసుకోవడం చూసి, వెళ్ళారు. ఎన్నడూ దాన్ని పని అనని వాళ్ళు, ఆ కొద్దిరోజులు మాత్రం, నా నోరు మూయడానికి పనికొస్తుందని పని అన్నారు. ఒక్కరు, ఒక్క మాట, "అవి ఇంక వదిలెయ్, దాని పక్కన కూర్చో," అని ఉంటే చాలు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. అరవై రెండు మాటలు. పిల్ల నా గొంతు అడిగింది, నేను మాస్టారి ఉచ్చారణ దిద్దాను.

"నేను తట్టుకునేదాన్ని," అన్నాను. "తట్టుకుని చదివేదాన్ని."

"ఏం చదివేదానివి?" అన్నారు ఆయన. నిజంగానే అర్థం కాలేదు ఆయనకు. "ఇప్పుడు ఇవన్నీ తవ్వుకుంటే ఎవరికి లాభం? చోటు చేశావా లేదా చెప్పు. సోమవారం మ్యాపు ఇవ్వాలి," అన్నారు.

"చెయ్యలేదు."

"అదేమిటి? నాకు రాదని తెలుసుగా."

"వచ్చు," అన్నాను. "చూసి, పేరు వెతికి, పాస్‌వర్డ్ కొట్టి తీశారు. పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు. మీకు బాగానే వచ్చు. నావి గుర్తు పెట్టి ఉంచాను, వాటి జోలికి వెళ్ళకండి. మిగతావి మీరే చూసుకోండి."

ఆయన అత్తయ్య వైపు చూశారు. అత్తయ్య తన కళ్ళజోడు వెతుక్కుంది. అది ఆవిడ ఒళ్ళోనే ఉంది. రోజూ అయితే నేనే తీసి ఇస్తాను.

అటక మీద ఆస్పత్రి సంచి ఉంది. ఇంట్లో అమ్మాయివన్నీ ఇచ్చేసినా, దాన్ని మాత్రం తెరవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. స్టూలు వేసుకుని దించాను. లోపల పుస్తకం ఉంది. నాలుగో పేజీ దగ్గర బస్సు టిక్కెట్టు పెట్టి ఉంది. అమ్మాయి గదిలోకి తీసుకెళ్ళి, మ్యాపుల గొట్టాలు నాలుగు పక్కకు జరిపి, మంచం ఉండే చోట నేల మీద కూర్చున్నాను. గోడకు ఆనుకున్నాను.   టిక్కెట్టు తీసి, నా గొంతుతో పైకి చదవడం మొదలుపెట్టాను.

"గాలి ఎటు వీస్తే ఇసుక మేట అటు జరుగుతుంది. ఇలా జరుగుతూ జరుగుతూ కొన్ని మేటలు ఎన్నో కిలోమీటర్ల దూరం..."

పుస్తకంలో కి.మీ. అనే ఉంది.

హాల్లో మాటలు ఆగిపోయాయి. నేను ఆపలేదు. చుక్క దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, తర్వాతి వాక్యానికి వెళ్ళాను. మాస్టారిలా తరుముకుంటూ చదవకూడదు. కొంతసేపటికి అత్తయ్య పిలిచింది. "అమ్మాయ్, నాలుగవుతోంది. టీ పెడతావా?" కాసేపాగి ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మ టీ అడుగుతోంది," అన్నారు.

పుస్తకంలోంచి తల ఎత్తలేదు. చదువుతున్న చోట వేలు పెట్టి ఉంచాను.

"ఈ పేజీ అవ్వనివ్వండి," అన్నాను.